న్యాయమూర్తి తప్పు చేస్తే



2007లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లూజర్న్ కౌంటీ అనే చోట జరిగిన సంగతి ఇది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదనుకోండి. ఒక హైస్కూలు అమ్మాయి తన స్కూలు అసిస్టెంట్ ప్రిన్సిపాల్‌ను ఎగతాళి చేస్తూ ఇంటర్నెట్‌లో ఒక పేజీ తయారుచేసింది. ఇదంతా సరదాకేనని ఆ పేజీలోనే రాసింది కూడా. బాగా చదివే పిల్ల, అంతకుముందు ఏ గొడవల్లోనూ లేదు. ఫిర్యాదు కోర్టుకు వెళ్ళింది. జడ్జిగారు గట్టిగా మందలించి ఇంటికి పంపేస్తారని అనుకున్నారు. విచారణ రెండు నిమిషాలైనా జరగలేదు. మూడు నెలల నిర్బంధం అన్నారు. చేతులకు బేడీలు వేసి, తల్లి చూస్తుండగానే తీసుకెళ్ళారు.

ఆ అమ్మాయి తరఫున వకీలు లేడు. వకీలు అక్కర్లేదని తల్లి చేత ముందే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం ఎంత ముఖ్యమైందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఇదొక్కటే అయితే కఠినమైన జడ్జి అనుకుని ఊరుకోవచ్చు. కాని మార్క్ సియావరెల్లా అనే ఆ జడ్జి ముందుకు వచ్చిన పిల్లల్లో ఎందరో ఇలాగే వెళ్ళారు. 2009 జనవరిలో అసలు సంగతి బయటపడింది. కౌంటీ సొంతంగా నడుపుతున్న పిల్లల నిర్బంధ గృహాన్ని మైకేల్ కానహన్ అనే మరో జడ్జి డబ్బు ఆపి మూయించాడు. దాని స్థానంలో ఒక ప్రైవేటు నిర్బంధ గృహం వచ్చింది. దాన్ని కట్టినవారి నుంచి, దాని యజమానుల్లో ఒకరి నుంచి ఈ ఇద్దరు జడ్జిలకు 28 లక్షల డాలర్ల దాకా ముట్టింది. కంచే చేను మేయడమంటే ఇదే. 2011లో సియావరెల్లాకు 28 ఏళ్ళు, కానహన్‌కు పదిహేడున్నర ఏళ్ళు జైలుశిక్ష పడింది. రాష్ట్ర సుప్రీంకోర్టు దాదాపు 4,000 కేసులను కొట్టివేసింది. కానహన్ శిక్షను 2024 డిసెంబరులో అధ్యక్షుడు బైడెన్ తగ్గించినప్పుడు ఆ ఊరి తల్లిదండ్రులు ఎంత మండిపడ్డారో పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది.

ఇద్దరు చెడ్డవాళ్ళు దొరికిపోయారు, కథ అయిపోయింది అనుకోకండి. నన్ను కలవరపెట్టేది లంచం కాదు. లంచగొండులు ఏ కాలంలోనైనా ఉంటారు. ఇన్నేళ్ళపాటు, ఇన్ని వేల కేసుల్లో, ఆపగలిగిన ప్రతి అడ్డుగోడా ఎందుకు పనిచేయలేదన్నదే ప్రశ్న. పిల్లలకు వకీలును పెట్టుకునే హక్కు ఉందని అమెరికా సుప్రీంకోర్టు 1967లోనే గాల్ట్ కేసులో చెప్పింది. ఆ హక్కును ఒక్క సంతకంతో మాఫీ చేశారు. పిల్లల పేర్లు బయటికి రాకూడదన్న మంచి ఉద్దేశంతో బాలల కోర్టులు తలుపులు వేసుకుని నడుస్తాయి. ఆ తలుపులే జడ్జికి రక్షణ అయ్యాయి. రోజూ ఆ గదిలో కూర్చునే ప్రాసిక్యూటర్లు, సర్కారు వకీళ్ళు నోరు విప్పలేదు. పైకోర్టుకు ఫిర్యాదు వెళితే, కారణం చెప్పకుండానే తిరస్కరించింది. నేరారోపణలు నమోదయ్యాకే మళ్ళీ తెరిచి చూసింది.

ఇంకొక మాట. పెన్సిల్వేనియాలో జడ్జిలను ప్రజలు ఓట్లేసి ఎన్నుకుంటారు. అల్లరి పిల్లల విషయంలో కఠినంగా ఉంటానన్న పేరుతోనే ఆయన గెలిచాడు. స్కూళ్ళకు వెళ్ళి, నా ముందుకు వస్తే పంపించేస్తానని పిల్లలకు ముందే చెప్పేవాడు. చాలామంది పెద్దలు చప్పట్లు కొట్టారు. తమ పిల్లవాడి వంతు వచ్చేదాకా.

మన దేశంలో జడ్జిలకు ఎన్నికలు పెడితే బాగుంటుందని లా కాలేజీ తరగతిలో ఏటా ఎవరో ఒకరు అంటారు. వాళ్ళకు నేను ఈ కౌంటీ సంగతే చెబుతాను. ఓటరుకు నచ్చడం, కక్షిదారుకు న్యాయం చేయడం ఒకటి కావు.

సియావరెల్లా చివరిదాకా ఒక వాదన వదల్లేదు. డబ్బు తీసుకున్న మాట నిజమే గాని, డబ్బు కోసం ఏ పిల్లవాడినీ లోపలికి పంపలేదన్నాడు. ఈ వాదన కొత్తది కాదు. ఇంటర్మీడియెట్, డిగ్రీ ఇంగ్లీషు పుస్తకాల్లో వ్యాసాలు చదివి ఉంటారు గనక ఫ్రాన్సిస్ బేకన్ పేరు మీకు తెలిసే ఉంటుంది. ఆయన ఇంగ్లండులో లార్డ్ ఛాన్సలర్‌గా, అంటే అత్యున్నత న్యాయాధికారిగా పనిచేశాడు. జడ్జి ఎలా ఉండాలో ఒక వ్యాసమే రాశాడు. 1621లో కక్షిదారుల దగ్గర కానుకలు తీసుకున్నాడన్న అభియోగాలు వచ్చాయి. ఒప్పుకున్నాడు. పదవి పోయింది, 40,000 పౌన్ల జరిమానా పడింది, కొన్నాళ్ళు లండన్ టవర్‌లో ఉన్నాడు. జరిమానా తరువాత రాజు మాఫీ చేశాడనుకోండి. కానుకలు తన తీర్పును మార్చలేదని మాత్రం బేకన్ గట్టిగా చెప్పుకున్నాడు. తమాషా ఏమిటంటే అందులో కొంత నిజముంది. డబ్బిచ్చిన ఇద్దరికి వ్యతిరేకంగానే తీర్పులు వచ్చాయి. ఫిర్యాదు చేసింది వాళ్ళే!

డబ్బు తీసుకుని కూడా సరైన తీర్పే ఇచ్చానంటే, దాన్ని నిజమో కాదో తేల్చేదెలా? జడ్జి మనసులోకి తొంగిచూసే పరికరం ఏదీ లేదు. అందుకని న్యాయశాస్త్రం వేరే దారి పట్టింది. పక్షపాతం ఉందా లేదా అని అడగడం మానేసి, పక్షపాతానికి అవకాశం ఉందా అని అడగడం మొదలుపెట్టింది. 1923లో ఇంగ్లండులోని ససెక్స్‌లో ఒక మోటారు ప్రమాదం కేసు నడిచింది. మేజిస్ట్రేట్లు తీర్పు ఆలోచించుకోవడానికి లోపలి గదిలోకి వెళితే కోర్టు గుమాస్తా కూడా వెంట వెళ్ళాడు. అతడు భాగస్వామిగా ఉన్న లాయర్ల సంస్థే అదే ప్రమాదంలో అవతలి పక్షానికి నష్టపరిహారం దావా నడుపుతోంది. గదిలో అతడు ఒక్క మాట మాట్లాడలేదు. మేజిస్ట్రేట్లు అతడిని ఏమీ అడగలేదు. అయినా పైకోర్టు శిక్షను రద్దు చేసింది. న్యాయం జరగడం ఒక్కటే చాలదు, జరిగినట్టు కళ్ళకు కనబడాలి అని లార్డ్ హ్యూవర్ట్ చెప్పిన సూత్రం ఇక్కడ పుట్టిందే. మన హైకోర్టులు ఈనాటికీ దాన్ని ఉటంకిస్తాయి.

ఆ సూత్రం బరువు ఎంతో 1998లో తెలిసింది. చిలీ మాజీ నియంత పినోషే లండన్‌లో అరెస్టయ్యాడు. అతడికి చట్టపరమైన రక్షణ లేదని బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానం 3-2 తేడాతో తీర్పు చెప్పింది. ప్రపంచమంతా హర్షించింది. ఆ ముగ్గురిలో ఒకరైన లార్డ్ హాఫ్‌మన్, ఆ కేసులో వాదనలు వినిపించిన ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్‌కు చెందిన ఒక ధార్మిక సంస్థకు డైరెక్టరని తరువాత తేలింది. ఆయన జీతం తీసుకోలేదు. పక్షపాతం చూపాడని ఎవరూ అనలేదు. అయినా నెల తిరక్కుండానే తీర్పు రద్దయింది. కొత్త ధర్మాసనం మొత్తం కేసును మళ్ళీ విని, 1999 మార్చిలో, పరిమితమైన ఆరోపణల మీద మాత్రం అతడిని అప్పగించవచ్చని చెప్పింది. నిందితుడు నియంత అయినంత మాత్రాన నియమం సడలించలేదు. సడలిస్తే అది నియమం ఎలా అవుతుంది?

డబ్బు, సంబంధాలు ఇలాంటివి పట్టుకోవడం కష్టమే గాని అసాధ్యం కాదు. భయాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. భయం రశీదు ఇవ్వదు.

మన దేశానికి వద్దాం. 1975 జూన్ 25న ఎమర్జెన్సీ విధించారు. రెండు రోజులకు, జీవించే హక్కు, స్వేచ్ఛా హక్కులతో సహా కొన్ని ప్రాథమిక హక్కుల కోసం కోర్టుకు వెళ్ళే వీలును రాష్ట్రపతి ఉత్తర్వు నిలిపివేసింది. వేలమందిని విచారణ లేకుండా జైళ్ళలో పెట్టారు. తమ నిర్బంధం చట్టప్రకారం ఉందో లేదో చూడమని వాళ్ళు హైకోర్టులకు వెళ్ళారు. దీన్నే హెబియస్ కార్పస్ పిటిషన్ అంటారు. చూస్తామని తొమ్మిది హైకోర్టులు అన్నాయి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు అప్పీలు చేసింది. అదే ఏడీఎం జబల్‌పూర్ కేసు.

వాదనల మధ్యలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా అటార్నీ జనరల్ నిరేన్ డేను ఒక ప్రశ్న అడిగారు. ఒక పోలీసు అధికారి సొంత పగతో ఒక మనిషిని చంపేస్తే, దానికి కోర్టులో దారేమైనా ఉందా? ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదని జవాబు వచ్చింది. ఆ జవాబు విన్నాక కూడా, 1976 ఏప్రిల్ 28న, అయిదుగురిలో నలుగురు ప్రభుత్వం పక్షానే తీర్పు చెప్పారు. ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే, ఎం.హెచ్. బేగ్, వై.వి. చంద్రచూడ్, పి.ఎన్. భగవతి. నిర్బంధంలో ఉన్నవారిని ప్రభుత్వం కన్నతల్లిలా చూసుకుంటోందన్న అర్థం వచ్చే మాట బేగ్ గారి తీర్పులో ఉంది. అప్పటి జైళ్ళ సంగతి తెలిసినవారు ఆ వాక్యాన్ని ఇప్పటికీ మరిచిపోలేదు.

ఒక్క ఖన్నా మాత్రం ఒప్పుకోలేదు. ఈ తీర్పుతో ప్రధాన న్యాయమూర్తి పదవి పోతుందని ఆయన ముందే తన చెల్లెలితో అన్నానని ఆత్మకథలో రాసుకున్నారు. 1977 జనవరిలో అలాగే జరిగింది. సీనియర్ అయిన ఆయనను కాదని బేగ్‌ను ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఖన్నా రాజీనామా చేశారు. ఇలా సీనియర్లను దాటవేయడం 1973లోనే మొదలైంది. అప్పుడు ముగ్గురిని దాటించి రేను ఆ కుర్చీలో కూర్చోబెట్టారు. మిగతావారికి ఆ పాఠం అర్థమయ్యే ఉంటుంది.

నలుగురూ భయపడ్డారని నేను అనను. అది నిరూపించలేం. చట్టాన్ని అక్షరాలా చదివామన్నదే వారి వాదన. భగవతి ఆ తరువాత పేదలకోసం ప్రజాప్రయోజన వ్యాజ్యాల తలుపులు తెరిచారు. దేశం ఆయనకు రుణపడి ఉంది. 2011లో, అప్పటి తీర్పు తప్పేనని ఆయన బహిరంగంగా పశ్చాత్తాపం ప్రకటించారు. మనుషులు ఒకే గుడ్డతో కుట్టినవారు కారు. మన రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు సంగతీ అంతే. పోలీసులు అర్ధరాత్రి తలుపు తట్టి మనిషి కదలికలపై నిఘా వేయడం గురించిన ఖరక్ సింగ్ కేసులో 1962లో ఆయన రాసిన అసమ్మతి తీర్పు ఎంతో ముందుచూపు ఉన్నది. అదే సుబ్బారావు 1967 ఏప్రిల్‌లో ప్రధాన న్యాయమూర్తి పదవికి రాజీనామా చేసి, ప్రతిపక్షాల అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. అంతకు రెండు నెలల ముందే గోలక్‌నాథ్ కేసులో ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పి ఉన్నారు. ఆ తీర్పుకూ ఈ పోటీకీ సంబంధం లేకపోవచ్చు. కాని ససెక్స్ గుమాస్తాను గుర్తుచేసుకోండి. తెలుగువాడని మనం ఈ ప్రశ్న అడగకుండా ఉండకూడదు.

పొరుగున పాకిస్తాన్‌లో 1979లో మాజీ ప్రధాని జుల్ఫికర్ అలీ భుట్టో ఉరిశిక్షను సుప్రీంకోర్టు 4-3 తేడాతో ఖాయం చేసింది. సైనిక పాలన రోజులవి. ఏప్రిల్ 4న ఉరితీశారు. ఆ నలుగురిలో ఒకరు, తరువాత ప్రధాన న్యాయమూర్తి అయిన నసీమ్ హసన్ షా, రిటైరయ్యాక ఒత్తిడి ఉన్న మాట ఒప్పుకున్నారు. 2024 మార్చిలో అదే సుప్రీంకోర్టు, భుట్టోకు న్యాయమైన విచారణ జరగలేదని అభిప్రాయం చెప్పింది. ఉరితీసిన 45 ఏళ్ళకు.

ఇక మూడో రకం. డబ్బు లేదు, భయం లేదు, కుట్ర లేదు. జడ్జి నిజాయితీపరుడే. అయినా ఘోరం జరుగుతుంది. ఫ్రాన్స్‌లో ఉత్రో అనే ఊరి కేసు అలాంటిది. మన దగ్గర పోలీసులు దర్యాప్తు చేస్తారు, ఇరుపక్షాల వకీళ్ళు వాదిస్తారు, జడ్జి మధ్యలో కూర్చుని వింటాడు. ఫ్రాన్స్‌లో పెద్ద నేరాలకు దర్యాప్తు జడ్జి అని ఒకరుంటారు. సాక్ష్యాలు సేకరించేది, నిందితులను ప్రశ్నించేది ఆయనే. దోషికి వ్యతిరేకంగానూ, నిర్దోషికి అనుకూలంగానూ రెండు వైపులా వెతకాలన్నది ఆయనకు చట్టం పెట్టిన బాధ్యత. కాగితం మీద చూస్తే ఇది మన పద్ధతి కన్నా మెరుగేననిపిస్తుంది. డబ్బున్నవాడి వకీలు, లేనివాడి వకీలు అన్న తేడా అక్కడ తగ్గుతుంది.

2001లో ఉత్రోలో కొందరు పిల్లలపై అఘాయిత్యాలు జరిగాయని బయటపడింది. అవి నిజంగా జరిగినవే. నేరం చేసిన తల్లిదండ్రుల్లో ఒకామె ఊళ్ళోని మరెందరి పేర్లో చెప్పింది. దర్యాప్తు జడ్జి ఫాబ్రిస్ బుర్గో కొత్తగా ఉద్యోగంలో చేరిన యువకుడు. ఆయన ఆమెను నమ్మాడు. ఒకసారి నమ్మాక, అనుమానం కలిగించే ప్రతి విషయమూ నిందితుల తెలివికి రుజువులాగే కనబడింది. మొత్తం 17 మంది బోనెక్కారు. కొందరు మూడేళ్ళ దాకా జైల్లో మగ్గారు, తమ పిల్లలకు దూరమయ్యారు. ఒకరు విచారణ మొదలయ్యేలోపే జైల్లో చనిపోయారు. 2004లో కోర్టు గదిలో ఆ స్త్రీ, తాను అబద్ధం చెప్పానంది. అప్పుడు కూడా ఏడుగురే విడుదలయ్యారు. మిగిలిన ఆరుగురు అమాయకులు 2005 డిసెంబరు 1న పారిస్‌లో అప్పీలు మీద నిర్దోషులుగా బయటికొచ్చారు. 2006లో పార్లమెంటు సంఘం ఆ జడ్జిని ప్రశ్నిస్తుంటే దేశం టీవీల ముందు కూర్చుని చూసింది. 2009లో ఆయనకు పడిన శిక్ష ఒక మందలింపు.

అన్యాయమనిపిస్తుంది కదూ? నాకూ మొదట అలాగే అనిపించింది. కాని ఒక్క ఆయన మీదే వేస్తే సరిపోదు. నిర్బంధాన్ని పొడిగించిన కాగితాల మీద పదులకొద్దీ న్యాయాధికారులు సంతకాలు పెట్టారు. ముందువాడు చూసే ఉంటాడని వెనకవాడు అనుకున్నాడు. ఒంటరి దర్యాప్తు జడ్జి స్థానంలో ముగ్గురు కలిసి పనిచేయాలని 2007లో చట్టం చేశారు. అంతమంది జడ్జిలు లేక అది ఏటేటా వాయిదాపడి, చివరికి 2016లో రద్దయింది.

తప్పు చేసిన జడ్జిని తీసేయడానికి ఇంత కష్టం ఎందుకు అని మీరు అడగవచ్చు. మన రాజ్యాంగంలో 124వ అధికరణ ప్రకారం పార్లమెంటు ఉభయసభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలి. 1993లో జస్టిస్ వి. రామస్వామి విషయంలో విచారణ సంఘం తప్పులు జరిగాయని తేల్చినా, లోక్‌సభలో కాంగ్రెస్ ఓటింగుకు దూరంగా ఉండడంతో తీర్మానం వీగిపోయింది. 2011లో కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి సౌమిత్ర సేన్‌పై రాజ్యసభ తీర్మానం ఆమోదిస్తే, లోక్‌సభకు వచ్చేలోపు ఆయన రాజీనామా చేశారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన తొలి 75 ఏళ్ళలో ఈ దారిన ఒక్కరికీ పదవి పోలేదు. అమెరికాలో సెనేట్ తొలగించిన ఫెడరల్ జడ్జిలు రెండు వందల ఏళ్ళు దాటినా ఎనిమిది మందే.

కాని తేలిక చేస్తే ఏమవుతుందో ఆలోచించండి. 1805లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి శామ్యూల్ ఛేజ్‌ను అధ్యక్షుడు జెఫర్సన్ పార్టీవారు తొలగించబోయారు. ఛేజ్ నోటిదురుసు మనిషే, పార్టీ పక్షపాతీ. అయినా సెనేట్ వదిలిపెట్టింది. ఆనాడు తొలగించి ఉంటే, ప్రతి కొత్త ప్రభుత్వమూ తనకు నచ్చని తీర్పులిచ్చిన జడ్జిని ఇంటికి పంపేది. 1976లో మన పార్లమెంటుకు అంత తేలికైన దారి ఉండి ఉంటే మొదట పోయేది ఖన్నాయే. చెడ్డ జడ్జిని కాపాడే గోడా, మంచి జడ్జిని కాపాడే గోడా ఒకటే కావడం ఈ సమస్యలోని అసలు చిక్కు. నేను దీనికి పూర్తి పరిష్కారం చూసిన వ్యవస్థ ఏదీ లేదు.

అయితే పదవినుంచి తీసేయడం వేరు, తప్పుడు తీర్పును సరిదిద్దడం వేరు. రెండోది చేయాలంటే ముందు తీర్పుకు కారణాలు రాతలో ఉండాలి. లూజర్న్‌లో రెండు నిమిషాల విచారణకు కారణాలేముంటాయి? మన సుప్రీంకోర్టు, హైకోర్టుల తీర్పులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మీ జిల్లా కోర్టులో మామూలు కేసు నడుస్తున్నప్పుడు వెనుక బెంచీలో మీరూ వెళ్ళి కూర్చోవచ్చు. టిక్కెట్టు అక్కర్లేదు. సెల్‌ఫోను మాత్రం ఆపేయండి.

ఏడీఎం జబల్‌పూర్ తీర్పు కూడా దొరుకుతుంది. చాలా పెద్దది. నలుగురి మాటలతో పాటు ఖన్నా అసమ్మతి కూడా అందులోనే అచ్చయి ఉంది. అది ఓడిపోయిన మాట గనక ఆనాడు జైళ్ళలో ఉన్న ఒక్కరికీ తలుపు తెరవలేదు. రెండేళ్ళకు, 1978లో, 44వ రాజ్యాంగ సవరణ వచ్చింది. ఎమర్జెన్సీలో కూడా జీవించే హక్కు అమలును నిలిపివేయడానికి వీల్లేదన్నారు. తీర్పు మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. 2017 ఆగస్టు 24న, గోప్యత హక్కు కేసులో, తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావు చెప్పిందే సరైనదని కూడా అప్పుడే తేలింది. నలుగురి పక్షం తప్పని, ఖన్నా మాటే ఒప్పని ఆ తీర్పులో రాసిన న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్. 1976 నాటి నలుగురిలో ఒకరైన వై.వి. చంద్రచూడ్ ఆయన తండ్రి.